మేరీ ఆర్విస్ మార్బరీ

ఈగను చూచి ముచ్చటపడువా రెవ్వరును లేరు. అది అన్నముపై వ్రాలినచో తోలుదుము. పాలలో పడినచో ఆ పాలు పాఱబోయుదుము. అట్టి ఈగలను పక్షుల ఈకలతోను పట్టుదారముతోను కట్టుటయే వృత్తిగా గైకొని, ఒక్కొక్క ఈగకు నిలుకడయైన పేరును రూపమును ఏర్పఱచి, దేశమంతట ప్రఖ్యాతి వడసిన స్త్రీ యొకతె అమెరికా సంయుక్తరాష్ట్రములలో నుండెను. ఆమె పేరు మేరీ ఆర్విస్ మార్బరీ. ఆమె కట్టినవి చేపలను మోసపుచ్చుటకై చేసిన ఈకల ఈగలు.

మన పల్లెలలో చెరువుగట్టున కూర్చుండి గాలము వేయువాడు కొక్కెమునకు ఎఱ్ఱను గ్రుచ్చి, బెండు మునుగు వఱకు వేచియుండును. జెల్లయు వాలుగయు అట్టి ఎరకు లోబడును. చల్లని దేశముల కొండవాగులలో వసించు ట్రౌట్ అను చేప స్వభావము వేఱు. అది స్వచ్ఛమైన చల్లని నీటిని కోరును. ఇరువదవ శతాబ్ది ఆరంభకాలమున ఆంగ్లేయులు కాశ్మీరపు ఏఱులలోను నీలగిరి వాగులలోను ఈ చేపను తెచ్చి పెంచిరి. గోదావరీ కృష్ణల నీరు దీనికి మిక్కిలి వెచ్చన.

ట్రౌట్ వసించు వాగుల అడుగున, రాళ్ల నంటిపెట్టుకొని కొన్ని పురుగులు పెరుగును. రెక్కలు వచ్చు వేళకు అవి నీటిపైకి తేలి, గాలిలోనికి ఎగిరి, కొలది దినములు మాత్రమే బ్రతికి, గ్రుడ్లు పెట్టుటకు మరల నీటిపై వ్రాలి చచ్చును. ట్రౌట్ ఆ సమయమునకై కనిపెట్టుకొని యుండి, పైకి లేచి వానిని మ్రింగును. గాలము వేయువానికి ఇందొక చిక్కు కలదు. అంతటి సుకుమారమైన కీటకమును కొక్కెమునకు గ్రుచ్చిన నలిగిపోవును, విసరిన ఊడిపోవును. కాబట్టి దాని పోలికను కొక్కెముపైననే కట్టవలసివచ్చెను. ఈ విద్య క్రొత్తది కాదు. మాసిడోనియా దేశపు జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలను రెంటిని దానికి కట్టి చేపలు పట్టుచుండిరని సుమారు 1,800 ఏండ్ల క్రిందట ఈలియన్ అను రోమక గ్రంథకర్త వ్రాసియున్నాడు. 1496లో ఇంగ్లండున అచ్చుపడిన యొక గ్రంథమున పండ్రెండు విధముల ఈగలను గూర్చి వివరింపబడినది. ఇంగ్లండునుండి వలసపోయినవారితో కూడ ఈ విద్యయు అమెరికా చేరెను.

ఆ ఖండపు తూర్పు రాష్ట్రముల వాగులలో బ్రూక్ ట్రౌట్ అను చేప విస్తారముగా నుండెడిది. పడమటనున్న రాకీ పర్వతములలో మఱియొక జాతి కలదు. అధ్యక్షుడు జెఫర్సన్ పంపగా పడమటి ప్రాంతములను కనుగొనుటకై బయలుదేరిన లూయిస్, క్లార్క్ అనువారి బృందము 1805 జూన్ మాసమున మిస్సోరి నదియొక్క మహాజలపాతములను చేరెను. అచ్చట వారిలో నొకడు గాలము వేసి కొన్ని చేపలను పట్టగా, లూయిస్ వాని ఆకారమును తన దినచర్యలో వ్రాసికొనెను. 1836లో రిచర్డ్‌సన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు క్లార్కు పేరుమీదుగా ఆ జాతికి శాస్త్రీయనామ మొసగెను. దాని ఒడలిపై నల్లని చుక్కలును, క్రింది దవడ అడుగున ఇరువైపుల ఎఱ్ఱని గీతలును ఉండును. చూచువారికి గొంతు కోసినట్లు తోచుటచేత దానికి కట్‌త్రోట్ అను పేరు వచ్చెను. 1884లో హాలక్ అను రచయిత ఈ పేరును పత్రికాముఖమున వాడి వ్యాపింపజేసెను. పేరు భయంకరమే కాని చేప మాత్రము సాధువు. ఇతర జాతుల ట్రౌట్‌వలె అంతగా అనుమానించు స్వభావము దానికి లేదు. ఈ చేపను పట్టుటకు కావలసిన ఈగలు మాత్రము చాలకాలము తూర్పు రాష్ట్రములనుండియే టపాలో పోయెడివి. అట్లు పంపువారిలో ఆర్విస్ కుటుంబ మొకటి.

తూర్పున వెర్మాంట్ రాష్ట్రమున, గ్రీన్ పర్వతములకు సమీపమున, మాంచెస్టర్ అను చిన్న పట్టణము కలదు. బ్యాటెన్‌కిల్ అను ట్రౌట్ వాగు దానిని ఒరసికొని పాఱును. 1853లో ఫ్రాంక్లిన్ ఆర్విస్ అనునతడు అచ్చట ఈక్వినాక్స్ హౌస్ అను పేర నొక విడిది భవనమును తెఱచెను. రైలుమార్గము ఏర్పడుటచే న్యూయార్కు మొదలగు నగరముల సంపన్నులు వేసవి గడపుటకు అచ్చటికి రాసాగిరి. 1864 వేసవిలో అధ్యక్షుడైన లింకన్ భార్యయు పిల్లలతో అచ్చట దిగెను. వచ్చినవారిలో చేపలు పట్టు వేడుక గలవారు పెక్కురు. ఫ్రాంక్లిన్ తమ్ముడు చార్లెస్ ఆర్విస్ చేతిపనియందు నేర్పరి. అతడు 1856లో గాలపు కఱ్ఱలు చేసి అమ్ము సంస్థను స్థాపించెను. అతని కుమార్తె మేరీ పుట్టినదియు ఆ సంవత్సరముననే.

చార్లెస్ ఆర్విస్ మంచి సరకును సరసమైన వెలకు అమ్మువాడని పేరు పొందెను. దారము చుట్టుకొను చక్రమున కొక క్రొత్త రూపమును కనిపెట్టి 1874లో దానికి ప్రభుత్వమువారి హక్కుపత్రమును పొందెను. వెలల పట్టికను అచ్చొత్తించి దూరదేశములకు పంపి, టపా మూలముగా వ్యాపారము చేయుట ఆ సంస్థ ప్రత్యేకత. కఱ్ఱ కొన్నవాడు దానిని పదియేండ్లు వాడుకొనవచ్చును. ఈగలు అట్లు కావు. ఒకటి చేప నోట చిరుగును. ఒకటి చెట్టుకొమ్మకు తగుల్కొనును. ఒకటి రాళ్ల నడుమ తెగిపోవును. కాబట్టి ఈగలకై ఉత్తరములు ఎడతెగక వచ్చుచుండెను. ఈ శాఖను నడపుటకు నమ్మకమైన మనిషి కావలసివచ్చెను. 1876లో, ఇరువదియేండ్ల ప్రాయమున, మేరీ ఆ భారమును వహించెను. తండ్రి న్యూయార్కు నగరమునుండి ఆ పని తెలిసిన నిపుణుని పిలిపించి ఆమెకు నేర్పించెను. అనంతరము ఆమె మఱికొందఱు యువతులకు నేర్పెను. కిటికీల వెలుతురున బల్లలచుట్టు కూర్చుండి వారందఱును దినమెల్ల ఈగలు కట్టుచుండెడివారు.

ఒక ఈగను కట్టు విధము తెలిసినగాని ఆ గదిలోని శ్రమ బోధపడదు. ఆ కాలపు కొక్కెములకు చాలవఱకు కన్ను, అనగా దారము దూర్చు రంధ్రము, ఉండెడిది కాదు. కావున ముందుగా కొక్కెపు కాడపై సన్నని తంతువు నొకదానిని ఆనించి పట్టుదారముతో బిగియ చుట్టవలెను. ఆ తంతువు పట్టుపురుగు పొట్టలోని పట్టుతిత్తిని బయటకు తీసి, సాగదీసి, ఆరబెట్టి చేసినది. నీటిలో చేప కంటికి అంతగా ఆనదు. చుట్టెడి పట్టుదారమునకు మైనము పూయుదురు; లేనిచో చుట్లు జాఱిపోవును. పిమ్మట తోక. తరువాత ఒడలు: దానికి ఉన్ని గాని, పట్టు గాని, నెమలి పింఛపు పోగులు గాని వాడుదురు. మన దేశపు పక్షియైన నెమలి ఈ విద్యకు చేసిన మేలు చాల గొప్పది. దాని పోగు నీటిలో ఒకప్పుడు పచ్చగాను ఒకప్పుడు రాగివన్నెగాను మెఱసి, ప్రాణమున్న పురుగువలె తోచును. దక్షిణ భారతపు అడవికోడి మెడ ఈకలును ఓడలపై ఐరోపాకు పోయి కొన్ని విలువగల ఈగలలో చేరెడివి. ఇప్పుడు ఆ పక్షికి మన దేశమున చట్టరక్షణ కలదు.

ఒడలు ముగిసిన తరువాత కోడి మెడ ఈకను మొనతో పట్టి కాడచుట్టు త్రిప్పవలెను. అప్పుడు దాని పోగులు నలుదెసల విచ్చుకొని కాళ్లవలె అగపడును. ఇక రెక్కలు. ఈ పని అన్నింటికంటె కష్టము. పక్షియొక్క కుడిరెక్క ఈకనుండి ఒక పీలికయు ఎడమరెక్క ఈకనుండి ఒక పీలికయు సమానముగా కత్తిరించి, రెంటిని జోడించి, పోగులు విడివడకుండ ఒక్క చుట్టుతో నిలుపవలెను. రెండును ఒకే ప్రక్క ఈకనుండి తీసినచో ఈగ ఒకవైపునకు మెలిపడును. ఒక చుట్టు ఎక్కువైనచో తల లావగును. తక్కువైనచో రెండవ విసరునకే విడిపోవును. చివర ముడివేసి వార్నీషు చుక్క పెట్టుదురు. ఇదంతయు గోరంత కొక్కెముపై జరుగవలెను. ఇట్టివి ఒక్కటి చక్కగా కట్టుట నేర్పు. డజనుల కొలది, ఒకదానికొకటి తేడా లేకుండ కట్టుట మఱింత గొప్ప నేర్పు. మేరీ తనవారినుండి కోరినది ఈ రెండవదియే.

1877లో ఆమె జాన్ మార్బరీ అనువానిని వివాహమాడెను. ఆ దాంపత్యము నిలువలేదు. ఒక కుమారుడు కలిగెను గాని ఆ బిడ్డయు ఆమెకు దక్కలేదు. ఆ కాలపు అమెరికాలో భర్తను విడిచియున్న స్త్రీకి ఓటుహక్కు లేదు, ఉద్యోగములు అరుదు, సంఘమున చిన్నచూపు మెండు. మేరీ పుట్టినింట చేరి, తాను చేపట్టిన పనిలోనే నిలిచెను. మార్బరీ అను పేరును మాత్రము ఆమె విడువలేదు. ఆ పేరే తరువాత గ్రంథముపై నెక్కి చిరస్థాయి యయ్యెను.

పనిలో ఆమె నెదుర్కొన్న పెద్ద చిక్కు పేర్లకు సంబంధించినది. ఒకే పేరుగల ఈగ ఒక దుకాణమున నల్లగాను, ఇంకొక దుకాణమున గోధుమవన్నెగాను ఉండెడిది. ఒకే ఈగను ఒక ఊర ఒక పేరుతోను, పొరుగూర మఱియొక పేరుతోను పిలిచెడివారు. కొందఱు తమకు తోచిన మార్పు చేసి తమ పేరే పెట్టుకొనిరి. ఎదురుగా నున్న దుకాణమున ఇది పెద్ద బాధ కాదు. వ్రేలు చూపి అడుగవచ్చును. టపా వ్యాపారమున ఇది ప్రాణాంతకము. రాకీ పర్వతములలో నున్న మనిషి వ్రాసిన ఉత్తరము రైలుపై దినములకొలది ప్రయాణించి వెర్మాంటు చేరును. ఈగల పొట్లము మరల అట్లే పోవును. విప్పి చూచినప్పుడు అందున్నవి తాను కోరినవి కాకున్నచో, కొండలలోని స్వల్పమైన వేసవి అంతలో ముగిసిపోవును. పేర్లకు బదులు అంకెలు వేయుటయే మేలని కొందఱనిరి. ఈ వాదమునుండియే ఒక ప్రసిద్ధమైన ఈగకు పేరు పుట్టెను. ఆ వృత్తాంతమును మేరీయే తన గ్రంథమున తెలిపినది.

కోచ్‌మన్ అను పేరుగల ఈగ ఇంగ్లండున చాలకాలమునుండి వాడుకలో నుండెను. కోచ్‌మన్ అనగా గుఱ్ఱపుబండి తోలువాడు. ఆంగ్ల రాజుల బండి తోలిన బాస్‌వర్త్ అనునతడు దానిని కల్పించెనందురు. దాని ఒడలు నెమలిపోగు, కాళ్లు గోధుమవన్నె కోడి ఈక, రెక్కలు తెల్లనివి. నెమలిపోగు అందమైనదే కాని అల్పమైనది. చేప పండ్లు తగిలిన వెంటనే చిట్లి విడిపోవును. 1878లో న్యూయార్కునందు జాన్ హెయిలీ అను వృత్తిపనివాడుండెను. ఉత్తరపు అడవులకు పోవు పెద్దమనిషి యొకడు గట్టిగా నుండు కోచ్‌మన్ ఈగలు కావలెనని అతనిని కోరెను. హెయిలీ ఒడలి నడుమ ఎఱ్ఱపట్టుతో ఒక నడికట్టు కట్టి నెమలిపోగు చిట్లకుండ చేసెను. వుడ్‌డక్ అను బాతుయొక్క చారల ఈకతో ఒక చిన్న తోకను కూడ చేర్చెను. గట్టితనమునకై చేసిన మార్పు అందము నిచ్చెను. అందొకదానిని అతడు ఆర్విస్ సంస్థకు పంపెను.

కొన్ని దినముల తరువాత ఒక సాయంకాలము ఆర్విస్ కుటుంబమువారును మిత్రులును కూర్చుండి ఈగలను గూర్చి వాదించుకొనుచుండిరి. వారిలో నొకడు పేర్లన్నియు వెఱ్ఱిమాటలనియు, అంకెలు వేసిన చాలుననియు పట్టుపట్టెను. ఇదిగో ఈ ఈగ కోచ్‌మన్ కావలసినది గాని కోచ్‌మన్ కాదు, దీని నేమని పిలుతురో చెప్పుడని అతడు సవాలు చేసెను. చార్లెస్ సోదరుడైన ఎల్. సి. ఆర్విస్ తడుముకొనక, ఇంత సొగసుగా అలంకరించుకొన్నది గనుక రాయల్ కోచ్‌మన్ అనుడని బదులు చెప్పెను. రాజదర్పముగల బండివాడు అని దాని భావము. అంకెల పక్షమువాడు ఓడిపోయెనని వేఱుగా చెప్పనక్కఱలేదు.

నవ్వులతో ముగిసిన ఆ సంభాషణనుండి మేరీ గ్రహించిన విషయ మొకటి కలదు. పేర్లను తుడిచివేయరాదు, వానిని స్థిరపఱుపవలెను. ఒక పేరునకు ఒకే రూపముండవలెను. ఆ రూపము అందఱకును కనబడునట్లు చిత్రింపబడవలెను. ఆ పేరు ఎట్లు వచ్చినదో వ్రాయబడవలెను. అట్లు చేయు గ్రంథము అప్పటికి అమెరికాలో లేదు. 1883లో ఆమె తండ్రియు చేనీ అను మిత్రుడును కలిసి ఈకల ఈగలతో చేపలు పట్టుటను గూర్చి ఒక వ్యాససంపుటమును ప్రకటించిరి. కాని అది ఈగల పేర్ల చిక్కును విప్పునది కాదు.

ఆమె అవలంబించిన పద్ధతి మెచ్చదగినది. తాను కూర్చున్నచోటనే నిర్ణయములు చేసి లోకముపై రుద్దలేదు. సంస్థ పక్షమున దేశము నలుమూలల నున్న గాలము వేయువారికి ఉత్తరములు పోయెను. మీ ప్రాంతమున ఏ ఈగలు వాడుదురు, ఏవి మీకు మిక్కిలి ఇష్టము, ఎట్లు వాడుదురు అని వారిని అడిగిరి. రెండువందలమందికి పైగా బదులు వ్రాసిరి. అందు ఒకరు చెప్పినదానిని మఱియొకరు కాదనిరి. తన వాగున ఒక్క ఈగ చాలునన్నవాడును కలడు, పది లేనిదే బయలుదేరనివాడును కలడు. మేరీ వాని నన్నిటిని రాష్ట్రముల వారీగా కూర్చెను. వానిలోని వైరుధ్యములను దాచలేదు. ఎవరి యనుభవమును వారి మాటలలోనే అచ్చొత్తించి, ఆ ఉత్తరముల నడుమ ఒక్కొక్క ఈగయొక్క చరిత్రను తాను వ్రాసెను. పండితులు వ్రాసిన గ్రంథములు పెక్కు గలవు. చేతితో పని చేయువారి యనుభవమును ఇంత ఓర్పుతో ప్రోగుచేసిన గ్రంథములు కొలదిగా నుండును.

ఇట్లు ఏర్పడిన గ్రంథము 1892లో బోస్టన్ నగరపు హౌటన్ మిఫ్లిన్ సంస్థచే ప్రకటింపబడెను. పేరు ఫేవరిట్ ఫ్లైస్ అండ్ దెయిర్ హిస్టరీస్. ప్రియమైన ఈగలు, వాని చరిత్రలు అని అర్థము. అయిదువందల పుటలకు మించినది. అందు 32 రంగుల పలకలపై 290 ఈగల చిత్రములు ముద్రింపబడినవి. ఆ కాలమున ఒక్కొక్క రంగును వేఱువేఱు రాతిపై గీసి, కాగితమును మరల మరల ఒత్తి అచ్చువేసెడివారు. నెమలిపోగు మెఱుగును, బాతు ఈక చారలును, కోడి ఈక ఛాయలును ఆ పద్ధతిని కాగితముపైకి దెచ్చుట సామాన్యమైన పని కాదు. ఇక ఎంత దూరముననున్నవాడైనను చిత్రమును చూచి పేరు వ్రాసి కోరవచ్చును. ఏ ఊరి పనివాడైనను ఆ చిత్రమును ముందుంచుకొని అట్టిదానిని కట్టవచ్చును. రాయల్ కోచ్‌మన్ చరిత్ర అందు కలదు. హెన్రీ వెల్స్ అనునతడు కల్పించిన పార్మషీనీ బెల్ అను ఎఱుపు తెలుపుల ఈగయు అందు కలదు. అది ఏ పురుగునకును పోలిక కాదు. బ్రూక్ ట్రౌట్ పొట్టక్రింది రెక్కను చూచి చేసినది. ఆ చేప తన జాతి చేపయొక్క రెక్కతునుక నైనను ఎరగా మ్రింగునని అతనికి తెలియును.

గ్రంథము పడమటి రాష్ట్రములను కూడ విడువలేదు. అప్పటికి అచ్చటి వాగులలో గాలము వేయువారు తూర్పునుండి వచ్చినవారే. తాము బాల్యమున ఎఱిగిన ఈగలనే వెంట గొనిపోయిరి. కట్‌త్రోట్ చేప వానిని నిరాకరింపలేదు. మంచు కరగిన తరువాత ఆ కొండలలో వేసవి రెండు మూడు నెలలు మాత్రముండును. ఆ కొలది కాలములోనే చేప సంవత్సరమునకు చాలినంత తినవలెను. కాబట్టి నీటిపై కొట్టుకొనివచ్చు దేనినైనను, అది పురుగును పోలినదా లేదా యని తడవు విమర్శింపక, పైకి లేచి పట్టును.

గ్రంథమునకు మంచి ఆదరణ లభించెను. కొలది సంవత్సరములలోనే పలుమాఱు ముద్రింపబడెను. 1893లో చికాగో నగరమున కొలంబసు అమెరికా చేరి నాలుగువందల ఏండ్లు నిండిన సందర్భమున ప్రపంచ ప్రదర్శన జరిగెను. స్వామి వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధముగా జరిగినదే. ఆ ప్రదర్శనలో ఆర్విస్ సంస్థవారు మేరీ ఆధ్వర్యమున కట్టిన ఈగలను పెద్ద పలకలపై అమర్చి, ఆయా వాగుల ఛాయాచిత్రములను వాని ప్రక్కన చేర్చి ఉంచిరి. వెర్మాంటు పల్లెపట్టున కూర్చుండి యువతులు చేసిన చేతిపని అట్లు లక్షలమంది వచ్చిన చోటికి చేరెను.

ఆమె కృషియందు లోపములను చూపువారును లేకపోలేదు. ఇంగ్లండున హాల్‌ఫర్డ్ అనునతడు 1886లో నీటిపై తేలెడి ఈగలను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. నిజమైన కీటకమును నిశితముగా పరిశీలించి దాని రంగును పరిమాణమును తప్పక అనుకరింపవలెనని అతని మతము. అమెరికాలో థియోడర్ గోర్డన్ ఆ మార్గమును తన దేశపు వాగుల కనుగుణముగా మలచెను. ఈ నూతన పక్షమువారికి మేరీ గ్రంథములోని ఎఱుపు పసుపుల ఈగలు బొమ్మలవలె తోచెను. వారి వాదమునకు బలము చేకూర్చిన కారణమొకటి కలదు. తూర్పు అడవులు నఱకబడి వాగుల నీరు వెచ్చబడుటచే బ్రూక్ ట్రౌట్ క్షీణించెను. దాని స్థానమున జర్మనీనుండి 1883 మొదలుకొని తెప్పించిన బ్రౌన్ ట్రౌట్ వ్యాపించెను. ఈ క్రొత్త చేప మిక్కిలి జాగరూకత గలది. సొగసైన ఈగలకు సులభముగా లోబడదు. కాబట్టి 290లో చాల ఈగలు క్రమముగా వాడుక తప్పెను. అయితే ఒకటి గమనింపవలెను. మేరీ తలపెట్టినది ఏ ఈగ గొప్పదో తేల్చుట కాదు. తన కాలపువారు దేనిని ఏమని పిలిచిరో, ఎందుకు ప్రేమించిరో చెదరిపోకమునుపే వ్రాసియుంచుట. ఆమె వ్రాయకున్నచో ఆ ఈగలతోపాటు వాని పేర్లును మాసిపోయి యుండెడివి.

ఆమె 1914లో మరణించెను. చేపలవేటను గూర్చి లండనులో వెలువడు పత్రిక ఆమె మరణమునకు సంతాపము తెలిపెను. మఱుసటి సంవత్సరమున ఆమె తండ్రి చార్లెస్ ఆర్విస్ కాలధర్మము చెందెను. సంస్థ ఆమె సోదరుల చేతికి వచ్చెను. తదనంతరము ఇతరుల చేతికి మాఱినను నేటికిని ఆ పేరుతోనే నడచుచున్నది.

రాయల్ కోచ్‌మన్ మాత్రము వాడుక తప్పలేదు. వుడ్‌డక్ బాతులు వేటచే క్షీణింపగా 1918లో వాని వేటను ప్రభుత్వమువారు నిషేధించిరి. తోకకు చైనా దేశపు బంగారువన్నె ఫెజెంటు పక్షి మెడ ఈకలు వాడుకయయ్యెను. 1930 ప్రాంతమున లీ వుల్ఫ్ అను ప్రసిద్ధ గాలపువేటకాడు తెల్లని ఈక రెక్కలకు మాఱుగా జంతువుల వెండ్రుకలను నిలిపెను. దానిచే ఆ ఈగ వడిగల నీటిలో మునుగక తేలుటయే గాక, చేప నోట పడియు చాలకాలము చెడకుండెను. దానికి రాయల్ వుల్ఫ్ అని పేరు. ఒడలి నడుమ హెయిలీ కట్టిన ఎఱ్ఱని నడికట్టు అందు అట్లే యున్నది. 1938లో డాన్ బెయిలీ అనునతడు మోంటానా రాష్ట్రమున ఎల్లోస్టోన్ నది చెంతనున్న లివింగ్‌స్టన్ పట్టణమున దుకాణమును తెఱచి ఇట్టి ఈగలను అమ్మెను. కట్‌త్రోట్ వాగులకు పోవువారి పెట్టెలలో నేటికిని ఆ ఈగ కనబడును. ఏ పురుగును పోలనిదానిని ఆ చేప యేల మ్రింగునో తెలియక గాలము వేయువారు నేటికిని వాదులాడుకొనుచుందురు.

ఆ చేపకే ఇప్పుడు కష్టకాలము వచ్చియున్నది. మనుష్యులు తెచ్చి వదలిన రెయిన్‌బో ట్రౌట్ దానితో సంకరమగుచున్నది. ఎల్లోస్టోన్ సరస్సున ఎవరో విడిచిన లేక్ ట్రౌట్ అను పెద్దచేప కట్‌త్రోట్‌లను మ్రింగుచున్నట్లు 1994లో బయటపడెను. అప్పటినుండి ఉద్యానవనపు అధికారులు వలలు వేసి ఆ పెద్దచేపలను తొలగించుచున్నారు. కట్‌త్రోట్ దొరకినను కొక్కెము నూడదీసి ప్రాణముతో నీట విడువవలెనని ఎల్లోస్టోన్ ఉద్యానవనమున నియమము కలదు.

మాంచెస్టర్ పట్టణమున 1968లో ఈకల ఈగలకొఱకే ఒక ప్రదర్శనశాల నెలకొల్పబడెను. 1893లో చికాగోకు పోయివచ్చిన పలకలు అందు భద్రపఱుపబడియున్నవి. చిన్న చిన్న కొక్కెములపై కట్టిన ఈగలు ఆ పలకలమీద వరుసలు తీర్చియుండును. ప్రతి ఈగ క్రిందను దాని పేరు కలదు.